లోపం ఎక్కడుందో గుర్తించండి

ఒక ఊళ్లో గొడుగులు బాగా అమ్ముడుపోయిన నెలల్లోనే జలుబులు కూడా ఎక్కువయ్యాయట, కాబట్టి గొడుగులే జలుబుకు కారణమట, ఈ వాదనలో లోపమేమిటో కింది అయిదింటిలో ఒకటి ఎంచుకోమంటోంది ప్రశ్న. ఎంచుకోవడం ఎంతసేపు, వానను మరిచిపోయాడు వీడు, అంతే కదా, అనుకుంటూనే ఆమె పెన్సిలు మొన గుండ్రటి గడి దాకా వెళ్లి ఆగిపోయింది. బడిపిల్లల కోసం చేసిన బల్ల అది. కింద మోకాళ్లు తగులుతున్నాయి, పక్కకు తిప్పితే కుర్చీ కిర్రుమంటోంది, కిర్రుమన్నప్పుడల్లా పక్క వరుసలోని అమ్మాయి తల తిప్పకుండానే కనుబొమలు ముడుస్తోంది. హాల్లో ఉన్నవాళ్లంతా దాదాపు ఆ అమ్మాయి ఈడువాళ్లే. పొద్దున లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గరి కాపలా మనిషి, టీచర్లు అటు వైపు నుంచి రావాలండి అన్నాడు ఎంతో మర్యాదగా. లా కాలేజీ ప్రవేశపరీక్షకు నలభై దాటిన మనిషి రాయడానికి వస్తుందని అతనెందుకనుకుంటాడు. ఇంతవరకూ వచ్చినవాళ్లంతా కుర్రవాళ్లే, కాబట్టి ఇక ముందు వచ్చేవాళ్లూ కుర్రవాళ్లే. అదీ ఒక లోపమే, దాని మీదా ఈ కాగితాల్లో ఎక్కడో ఒక ప్రశ్న ఉండే ఉంటుంది. గొడుగులు, జలుబు, వాన. వృద్ధాశ్రమంలో ఆ ఆయా డ్యూటీలో ఉన్న పూటల్లోనే ముసలివాళ్లు పోయారు, కాబట్టి చంపింది ఆవిడే. మరి ఇక్కడ వాన ఏది? అందరూ కలిసి మరిచిపోయిన ఆ వాన ఎక్కడుంది?

ఈపాటికి తీర్పు మొదలై ఉంటుంది. వంతెన అవతల, ఎత్తు మెట్ల కోర్టు భవనంలో, కిటికీ అంచు మీద పావురాలు గునుసుకునే ఆ గదిలో, బోను పక్కన తను కూర్చునే కుర్చీలో ఇవాళ పెద్దాయన కూర్చుని ఉంటాడు. పెద్దాయన రిటైరైన దుభాషి, ఆమెకు పని నేర్పిన మనిషి. అక్కడ తీర్పు, ఇక్కడ పరీక్ష ఒకే రోజు పడ్డాయని తెలిసి ఆమె తల పట్టుకుంటే, నువ్వెళ్లి రాసుకోవమ్మా, ఒక్కపూటకు నేను లేనా, నా నాలుకకు ఇంకా తుప్పు పట్టలేదు అన్నాడు. నాలుక సంగతి సరే, చెవుల సంగతి ఎవరూ అడగలేదు. ఈ ఊరి భాష రాక, మన మాట ఒక్కటే తెలిసి, ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చి బోనెక్కినవాళ్ల పక్కన కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేయడం ఆమె ఉద్యోగం. అందులో నేను అంటే నేను కాదు. లాయరు నేనడిగేదేమిటంటే అంటే తనూ నేనడిగేదేమిటంటే అనాలి, ముద్దాయి నేను చంపలేదంటే తనూ అదే గొంతుతో నేను చంపలేదనాలి. అన్నయ్య అందుకే చిలక అని పేరు పెట్టాడు. మా చిలక ఇవాళ ఎన్ని హత్యలు చేసొచ్చిందో అంటాడు భోజనాల దగ్గర, అందరూ నవ్వుతారు, తనూ నవ్వుతుంది. నవ్వి చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు అద్దంలో తన నోరు తనకే అరువు తెచ్చిన వస్తువులా కనిపిస్తుంది. ఏమని చదువుతున్నారో ఇప్పుడు. బోనులో ఆవిడ నిలబడి ఉందో, కూర్చోబెట్టారో. మోకాళ్ల నొప్పుల మనిషి, ఎక్కువసేపు నిలబడలేదు.

గడి నల్లగా నింపి ముందుకు జరిగింది. తరవాతి ప్రశ్న. ఒక డాక్టరు సిగరెట్లు మానమని చెప్పాడు, ఆ డాక్టరే సిగరెట్లు కాలుస్తాడు, కాబట్టి ఆయన మాట చెల్లదు. ఇది సులువే, మాట సంగతి వదిలేసి మనిషిని పట్టుకోవడం. ప్రశ్నలన్నీ ఊరి భాషలోనే ఉన్నాయి, చదవడం ఆమెకు కొట్టిన పిండే, కాని విచిత్రమేమిటంటే ఆ భాషలో చదివినంతసేపూ ప్రతి వాదనా నున్నగా, అతుకు కనబడకుండా ఉంటుంది. దాన్ని లోలోపల మన మాటల్లోకి తిప్పి, అమ్మ వంటింట్లో అన్నట్టుగా వినిపించుకుంటే తప్ప పగులు కనపడదు. కూతురు కొనిపెట్టిన పుస్తకంలో ఒక్కో లోపానికి ఒక్కో పేరు ఉంది, నోరు తిరగని పేర్లు, పొద్దున చదివితే సాయంత్రానికి గాల్లో కలిసిపోయేవి. ఒక ఆదివారం అవన్నీ పక్కన పడేసి, ఇదంతా మనవాళ్లు ఎప్పుడో చెప్పిందే కదే అని ఆమె తన పేర్లు తను పెట్టుకుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది, ఆ పాపం కాకిది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నవాడిది ఇంకో రకం, ముందు చెప్పిన మాట నిజమో కాదో చూడడు. కూతురికి అది మహా సరదా అయిపోయింది, పుస్తకంలో ఉదాహరణ చదవడం, అమ్మా ఇది కాకా ఎద్దా అని అడగడం. ఇల్లంతా అంటువ్యాధిలా పాకింది ఆ జబ్బు. నిన్నా నువ్వే టీ పెట్టావు, మొన్నా నువ్వే పెట్టావు అని భర్త మొదలుపెట్టేలోపే కూతురు పక్కగదిలోంచి, నాన్నా లోపం, అని అరిచేది. ఆయన పళ్ల సెట్లు కట్టే టెక్నీషియన్, పొద్దస్తమానం ఎవరివో నోళ్ల అచ్చులు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఈ వయసులో చదువేమిటని తనే వెనకాడితే, చిన్న బ్రష్షుతో ఒక దవడను తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఎనభై ఏళ్లాయన నిన్న నా దగ్గర కొత్త పళ్లు కట్టించుకున్నాడు. ఇంకెన్నాళ్లు నములుతారండీ అని అడిగానా నేను?"

అదీ వాదనేనా, పళ్లకూ లా చదువుకూ పోలికేమిటి, పోలిక లేని పోలిక తెచ్చాడని ఇప్పుడైతే గడి నింపగలదు, కాని ఆ పూట ఆ మాటకే ఆమె దరఖాస్తు పెట్టింది. చూశావా, తప్పు వాదనలు కూడా మనుషుల్ని కదిలిస్తాయి, ఇక్కడ కూర్చోబెడతాయి. పరీక్ష చూసుకునే మేడమ్ బూట్ల చప్పుడు చేసుకుంటూ వరుసల మధ్య నడుస్తోంది, దగ్గరికొచ్చినప్పుడల్లా ఏదో తలనొప్పి మందు వాసన. ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారు. జలుబు. గొడుగు. వెనక్కి వెళ్లకు, ముందు ప్రశ్న చూడు, అయిపోయినదాని మీద కూర్చుంటే ఉన్నదీ పోతుంది అని కూతురు పదే పదే చెప్పి పంపింది.

మంచి దొంగ అంటే బాగా దొంగిలించేవాడు. మంచివాడు ఎన్నడూ దొంగిలించడు. కాబట్టి మంచి దొంగ ఎన్నడూ దొంగిలించడు. ఆమెకు నవ్వు రావలసింది, రాలేదు, అరచేతుల్లో చెమట పట్టి కాగితం అంచు మెత్తబడింది. ఒకే మాటను మొదట ఒక అర్థంలో, చివర ఇంకో అర్థంలో వాడి మధ్యలో గోడ దూకించడం. దీనికి తన దగ్గర సామెత లేదు. దీనికి ఆవిడే ఉంది. వృద్ధాశ్రమం ఆయా. కోర్టు కాగితాల్లో ముద్దాయి అని, లాయర్ల నోట ఆ ఆడమనిషి అని, ఆశ్రమంలో అందరూ ఆయా అని పిలిచే ఆవిడ. బొంగురు గొంతు, ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే పెద్ద పెద్ద చేతులు, సబ్బునీళ్లలో నాని నాని తెల్లగా పాలిపోయిన వేళ్లు. ఒకే చలికాలంలో ఆ ఆశ్రమం పై అంతస్తులో ముగ్గురు పోయారు, ముగ్గురూ ఆవిడ డ్యూటీలోనే పోయారు, చివరి ముసలాయన ఒంట్లో నిద్రమందు ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువ ఉంది. మందులిచ్చే నర్సులు ఇద్దరు, అలమర తాళం చెవి అందరికీ అందేచోట మేకుకు వేలాడుతుంటుంది, అయినా పోలీసులు వచ్చి పట్టుకున్నది ఆవిడనే. స్టేషన్లో మొదటి రోజు ఫోన్లో ఎవరో దుభాషిని కలిపి అడిగారు ఏం జరిగిందని, ఆవిడ అంది, ఏం చెప్పనయ్యా, ముగ్గురూ నా చేతుల్లోనే పోయారు. ఫోన్లో ఆ గొంతు దాన్ని ఊరి భాషలో పెట్టింది. వాళ్ల చావులు నా చేతులతోనే జరిగాయి. అంతే. చేతుల్లో పోవడమంటే ఏమిటో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు మన ఇళ్లల్లో, అమ్మమ్మ మా అమ్మ చేతుల్లోనే పోయింది, నాన్న పోయినప్పుడు చెయ్యి నా చేతిలోనే ఉంది, అంత దగ్గరగా ఉండి సాగనంపారని, అది చెప్పుకునేటప్పుడు మనుషుల గొంతులో దుఃఖంతోపాటు కాస్త గర్వం కూడా ఉంటుంది. ఆ గర్వాన్నే నేరం ఒప్పుకోలు చేశారు.

ఆ వాక్యం కోర్టులో చదివిన రోజు ఆమె చెయ్యెత్తింది. దుభాషి చెయ్యెత్తడం బెంచీ లేచి నిలబడినంత వింత అక్కడ. గదిలో అందరూ తిరిగి చూశారు. అయ్యా, ఈ తర్జుమా తప్పు, ఆ మాటకు మా భాషలో అర్థం అది కాదు అని చెప్పింది. న్యాయమూర్తి కళ్లద్దాలు దించి, రాసుకోండి అని గుమాస్తాకు చెప్పాడు, రాసుకున్నారు. అక్కడితో ఆగితే దుభాషి, కాని ఆమె ఆగలేకపోయింది. ఆ ఒక్క వాక్యం మీదే నిలబెట్టిన వాదన మొత్తం అలాగే ఉంది కదండీ, పునాది తీసేసి మేడ ఉంచుతామంటే ఎలాగ అంది. మేడ అన్న మాట దగ్గర ప్రభుత్వ లాయరు నవ్వాడు. న్యాయమూర్తికి కోపం రాలేదు, వస్తే బాగుండేది. పిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"దుభాషి గారూ, మీరు మాటలు చేరవేస్తారు, వాదించరు. వాదించాలని ఉంటే నల్లకోటు వేసుకుని అటువైపు నుంచి రండి."

ఆ మాటను కూడా ఆమె బోను వైపు తిరిగి ఆవిడకు తర్జుమా చేసి చెప్పాలి, నియమం అది, గదిలో పలికిన ప్రతి మాటా ముద్దాయి వినాలి. చెప్పింది. మీరు మాటలు చేరవేస్తారు, వాదించరు. తనను తనే తిట్టుకున్నట్టుంది. ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేస్తే చిలక జోకు వేసేలోపే పెట్టేసింది. తరవాత కూతురి గది తలుపు తట్టి, లా కాలేజీ పరీక్ష అంటారే, అందులో ఏమడుగుతారు అంది. ఏమడుగుతారంటే ఇదిగో ఇదే అడుగుతారు, మంచి దొంగ సంగతి. నాలుగో జవాబు. నింపింది. పెన్సిలు మొన విరిగింది, రెండోది తీసింది, అది దొర్లి కింద పడింది, వంగితే నుదురు బల్లకు కొట్టుకుంది. పక్క అమ్మాయి ఈసారి తల తిప్పి, పెన్సిలు తీసి ఇచ్చి, చిన్నగా నవ్వింది. కనుబొమలు ముడిచేది విసుగుతో కాదన్నమాట, ఆ అమ్మాయికి ఆలోచించేటప్పటి అలవాటు. ముఖం చూసి మనసు తేల్చెయ్యడం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని పట్టుకుపోవడం, అసలు వాడి భుజాన దుమ్ము పడిందేమో ఎవరడిగారు. మనం ఇన్ని తరాలుగా ఆ సామెత చెప్పుకుని నవ్వుకుంటున్నాం, ఒక్కసారీ ఆ భుజాలవాడి పక్షాన ఎవరూ లేవలేదు.

వాన. ఇప్పుడు తెలిసింది వాన ఏదో. పెన్సిలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆవిడే చెప్పింది, విచారణలో, ఎవరూ అడక్కుండానే చెప్పింది, తనే దాన్ని అక్షరం పొల్లుపోకుండా చేరవేసింది. ఇవాళో రేపో అన్నవాళ్లని నాకే అప్పజెప్పేవాళ్లమ్మా, మిగతావాళ్లకి భయం, నేనయితే కూర్చుంటానని. అదీ వాన. ఆవిడ వచ్చినందువల్ల వాళ్లు పోలేదు, పోబోతున్నారు కనుక ఆవిడ వచ్చింది. గొడుగు తెరిచినందుకు వాన పడలేదు. ప్రభుత్వ లాయరు గోడకు తగిలించిన ఆ పెద్ద చార్టు, ఆవిడ పూటలన్నీ ఎర్రగా, చావులన్నీ నల్లగా, ఎరుపు మీదే నలుపు పడిందని కర్ర పెట్టి చూపించాడే, ఆ చార్టంతా గొడుగుల చార్టు. ఆవిడ తరఫు లాయరు, ప్రభుత్వమే పెట్టిన లాయరు, మంచి మనిషే, కాని ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి, ఆ మాట దగ్గర తల వంచుకుని ఏదో కాగితం వెతుక్కుంటున్నాడు. ఆయన ముందు వాన వచ్చి నిలబడితే ఆయన గొడుగు వెతుక్కున్నాడు. లేచి అరవాలనిపించింది ఆమెకు, ఇక్కడ, ఈ పరీక్ష హాల్లో, కుర్రవాళ్ల మధ్య. ఇప్పుడు లేచి వెళితే. కాగితాలు ఇక్కడే వదిలేసి, వంతెన దాటి, ఆ మెట్లెక్కి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, అయ్యా వాన అంటే. పిచ్చిదనుకుంటారు. నల్లకోటు లేకుండా వాన గురించి మాట్లాడకూడదు, నల్లకోటు కావాలంటే ఇక్కడ కూర్చుని గడులు నింపాలి, నింపి, చేరి, చదివి, ఆ కోటు వేసుకునేనాటికి ఆవిడ ఎక్కడుంటుంది. ఏ జైల్లో, ఎవరి పక్కమీద ఎవరి చెయ్యి పట్టుకుని. ఇంకా సగం ప్రశ్నలున్నాయి. పక్క అమ్మాయి పేజీ తిప్పింది, వెనకాల ఇంకెవరో తిప్పారు, హాలంతా ఎండాకుల మీద నడిచినట్టు కాగితాల చప్పుడు.

కిందటిసారి వాయిదా అయ్యాక, ఆవిడను తీసుకెళ్లడానికి కానిస్టేబులు లేచినప్పుడు, ఆవిడ బోను కడ్డీ పట్టుకుని ఇటు వంగి అడిగింది, తీర్పు రోజు మీరే ఉంటారా అమ్మా అని. ముద్దాయితో సొంత మాటలు మాట్లాడకూడదు. తనను అడిగినదైనా సరే తను జవాబు చెప్పకూడదు, ఎవరితో చెప్పాలో వాళ్లకు చెప్పాలి. ఆమె లాయరు వైపు తిరిగి, ఆ రోజు మీరే ఉంటారా అని అడుగుతున్నారు అని ఊరి భాషలో చెప్పింది. ఆయన బ్యాగు సర్దుకుంటూ, దుభాషిని ఏర్పాటు చేస్తారని చెప్పండి అన్నాడు. ఇటు తిరిగి, దుభాషిని ఏర్పాటు చేస్తారు, అని చెప్పింది. తన సంగతి తనే మూడో మనిషిలా. ఆవిడ సరేనమ్మా అని కడ్డీ వదిలేసింది. ఆ చేతులు కడ్డీ వదిలిన తీరు అన్నం తింటుంటే గుర్తొస్తుంది, స్నానం చేస్తుంటే గుర్తొస్తుంది, ఇప్పుడు ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఖాళీలో గుర్తొస్తోంది. వద్దు. చదువు. ఒక రచయిత పుస్తకం నచ్చినవాళ్లను మాత్రమే అడిగి, పుస్తకం అందరికీ నచ్చిందన్నారు. రెండు. ఒక వంతెన మీద నుంచి భారీ బండ్లు ఇంతవరకూ క్షేమంగా వెళ్లాయి కాబట్టి. అయిదు, కాదు, ఒకటి, చెరిపింది, కాగితం పొర లేచింది. ఈ దారి మంచిదని పెద్దలు అన్నారు, పెద్దల మాట ఎందుకు నమ్మాలంటే వాళ్లు మంచి దారి చెబుతారు. కుందేటికి మూడే కాళ్లు. మూడు. నింపు. చెయ్యి ఒకటి చేస్తోంది, మనసు ఇంకొకటి చేస్తోంది, ఇది ఆమెకు కొత్తేమీ కాదు, ఇన్నేళ్ల ఉద్యోగమూ అదే, ఒక చెవిలో వినడం, ఇంకో నోటితో చెప్పడం, మధ్యలో తను లేకపోవడం. కాని ఇవాళ మధ్యలో తనే ఉంది, తనే అడ్డం. మేడమ్ బూట్ల చప్పుడు ఆగింది. పెన్సిళ్లు కింద పెట్టండి అని వినిపించేసరికి చివరి పేజీలో తెల్లటి గడులు మిగిలే ఉన్నాయి. వాటిని గుడ్డిగా నింపడానికి కూడా వేళ్లు కదల్లేదు.

బయట ఎండ కళ్లలో గుచ్చుకుంది. గేటు దగ్గర భర్త స్కూటరు మీద కూర్చుని, ఆమె ఫోన్ కూడా తన దగ్గరే ఉంచుకుని, అప్పటికే హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. ఎలా రాశావని అడగలేదు. కోర్టు గుమాస్తా మూడుసార్లు ఫోన్ చేశాడే, ఎక్కు, అన్నాడు. దారిలో వీపు వెనక నుంచి, గాల్లో ముక్కలు ముక్కలుగా విన్నది ఆమె. పెద్దాయన చెవి మిషను పొద్దున మధ్యలో మూగబోయిందట. న్యాయమూర్తి ఒకటి చదివితే ఆయన ఇంకొకటి చెప్పాడట, నేరం రుజువు కావాలంటే అన్న చోట నేరం రుజువైంది అని వినబడి అదే చెప్పేస్తే, ఆయా బోనులోనే కూలబడిందట. నీళ్లు చల్లారట. ఊరి భాషా మన మాటా రెండూ తెలిసిన మెట్ల మీది కాఫీ అమ్మేవాడెవడో తలుపు సందులోంచి విని, అది తప్పండీ అని గుమాస్తాకు చెప్పాడట. ఊరంతా దుభాషులే, అన్నాడు భర్త. తీర్పు మధ్యాహ్నానికి వాయిదా వేసి, ఎప్పుడూ వచ్చే దుభాషిని పిలిపించమన్నారట న్యాయమూర్తి. ఆమె ఆయన చొక్కాను పిడికిట్లో పట్టుకుంది, వంతెన మీద లారీ అడ్డం వచ్చి స్కూటరు ఆగినప్పుడు కూడా వదల్లేదు.

గదిలో అంతా కూర్చునే ఉన్నారు. పెద్దాయన వెనక బెంచీలో, మిషను అరచేతిలో పెట్టుకుని దాని వంక చూసుకుంటున్నాడు. ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. బోనులో ఆయా ముఖం ఇంకా తడిగానే ఉంది. న్యాయమూర్తి చదవడం మొదలుపెట్టాడు, ఆమె చెప్పడం మొదలుపెట్టింది, మెల్లగా, అతని గొంతు ఆగినచోట తన గొంతు ఎత్తుకుంటూ. నేను ఈ కేసులోని సాక్ష్యాలన్నింటినీ పరిశీలించాను. నేను ప్రభుత్వం తరఫున సమర్పించిన చార్టును పరిశీలించాను. ఇప్పుడొస్తుంది వాన, అనుకుంది ఆమె లోపల, ఇప్పుడు, ఈ వాక్యం తరవాత. రాలేదు. చార్టు బలమైన సాక్ష్యమే అన్నాడు, బలమైన సాక్ష్యమే అంది. చేతుల మాట అనుమానాస్పదమే అన్నాడు, అంది. అయితే, అన్నాడు. అయితే, అంది. చివరగా మరణించిన వృద్ధుడి గురించి ప్రశ్నించడం మొదలుపెట్టిన క్షణంలో ముద్దాయి బోనులో నిలబడి కన్నీరు కార్చింది. నేను చాలా ఏళ్లుగా మనుషులను చూస్తున్నాను. ఆ కన్నీళ్లను నేను చూశాను. అవి చంపిన చేతులున్న మనిషి కన్నీళ్లు కావు. నేను ఆమెను నిర్దోషిగా విడుదల చేస్తున్నాను.

నేను మిమ్మల్ని నిర్దోషిగా విడుదల చేస్తున్నాను, అని బోను వైపు తిరిగి చెప్పేసింది ఆమె. ఆ నేను ఎవరో ఆ క్షణంలో తనకే తెలియలేదు. సంతోషం నిండుగా వచ్చింది, దాని వెనకాలే చీమ కుట్టినట్టు ఇంకోటి. ముగింపు సరైనదే. వచ్చిన దారంతా తప్పు. భుజాలు తడుముకున్నాడు కాబట్టి దొంగ, కన్నీళ్లు పెట్టింది కాబట్టి కాదు, రెండూ ఒకే తానులో గుడ్డలు. ఏడుపు రాని మనిషి రేపు ఇదే బోనులో నిలబడితే. రాయిలా నిలబడి నిజం చెప్పే ఆడది. ఏడవడం తెలిసిన హంతకుడు. ఎవరైనా అడగాలి కదా, ఎవరైనా లేచి, అయ్యా తీర్పు బాగుంది గాని కారణం బాగాలేదండీ అనాలి కదా. ప్రభుత్వ లాయరు చార్టు చుట్టేసుకుంటున్నాడు. అందరూ లేస్తున్నారు. పావురాలు లేచాయి.

వరండాలో కిటికీ పక్కన ఆయాను కూర్చోబెట్టారు, సంతకాలు ఇంకా ఏవో ఉన్నాయట. ఆవిడ తల ఎత్తి, వదిలేశారా అమ్మా నిజంగానే, అని మళ్లీ అడిగింది. ముద్దాయి కాదు ఇప్పుడు, అయినా ఆమె నోరు అలవాటుగా లాయరు కోసం అటూ ఇటూ చూసింది. ఆయన ఎవరితోనో చేతులు కలుపుతున్నాడు. వదిలేశారు, అంది.

"ఏడ్చాననేనా?"

"అలాగే రాశారు."

ఆవిడ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. "నేనేడ్చింది ఆ పోయిన ముసలాయన కోసం కాదమ్మా. ఆయన పోయినప్పుడు నాకు ఏడుపే రాలేదు. బాధ తీరిందిలే అనుకున్నా, కళ్లు మూశా, దుప్పటి కప్పా. ఆ రోజు బోనులో ఏడ్చింది వేరే."

ఆమె ఆవిడ వైపు వంగింది.

"పోలీసుల ఫోన్లో ఆ గొంతు నన్ను చెప్పవే అంది. జైల్లో ఒకావిడ మన మాటే మాట్లాడుతుంది, ఆవిడా లే, రా, పో అంటుంది. ఆశ్రమంలో సరేసరి. ఆ రోజు మీరు ఇటు తిరిగి, చివరి రోజు ఏం జరిగిందో మీరు చెప్పండి, కంగారుపడకుండా చెప్పండి, అన్నారు. నన్ను మీరు అన్నవాళ్లు లేరమ్మా. మా ఆయన పోయాక లేరు. ఆయన వేళాకోళానికి అనేవాడు, మీరు భోంచేశారా అని. అదొక్కసారిగా వచ్చేసింది."

ప్రభుత్వ లాయరు ఆ ప్రశ్న అడిగింది ఊరి భాషలో. అందులో నువ్వుకూ మీరుకూ ఒకటే మాట. కంగారుపడకుండా అన్నది ఉందో లేదో ఆమెకు ఇప్పుడు గుర్తు రావడంలేదు. ఇన్నేళ్లూ ఇటు మాట అటు చేరవేశాననే అనుకుంది, ఒక్క గింజ కలపకుండా, ఒక్క గింజ రాల్చకుండా. ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది. దుభాషి కూర్చునేంత దూరంలో కాదు, భుజానికి భుజం తగిలేలా. ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన గురించి, ఆయన అటక మీద దాచుకునే ఏవో విరిగిన రేడియోల గురించి, ఈ ఊరు వచ్చాక తను మొదట కొనుక్కున్న చెప్పుల గురించి, ఇంతకాలం ఎవరూ అడగని వాటన్నిటి గురించి, ఆగకుండా, బొంగురు గొంతు తూము ఎత్తిన కాలవలా. లాయరు చేతులు కలపడం అయిపోయి, నవ్వుముఖంతో వచ్చి నిలబడ్డాడు. ఆయా ఆయనను చూసి కూడా మాట ఆపలేదు. ఆయన కాసేపు విని, ఏమంటోంది, అని దుభాషిని అడిగాడు.

ఆమె నోరు తెరిచింది. అన్నదంతా వరసగా, ఒక్క మాట పోకుండా, ఊరి భాషలో నాలుక మీదికి వచ్చి సిద్ధంగా నిలబడింది, ఇన్నేళ్ల అలవాటు మరి. ఆమె దాన్ని అక్కడే ఉండనిచ్చింది.

"నాతో మాట్లాడుతున్నారండీ," అంది.